తుపానుకు ముందు, పురుగుమందుకు తర్వాత

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు కొన్ని రోజుల ముందునుంచే జనం నోట్లో ఆ పేరు నానుతోంది. వాతావరణ శాఖ బులెటిన్లు, విపత్తుల నిర్వహణ సంస్థ ఎస్సెమ్మెస్‌లు, పంచాయతీ మైకులు, వేటకు పోవద్దన్న కబుర్లు. వరి పడిపోయింది, పొగాకు మడుల్లో నీళ్లు నిలిచాయి, మిరప చేలు ఉరకెత్తాయి. రైతు మునిగాడు గాని మనుషుల ప్రాణాలు చాలావరకు దక్కాయి. 1977 నవంబరు 19న ఇదే తీరాన, దివిసీమను ముంచి రేపల్లె వైపూ విరుచుకుపడిన ఉప్పెన, సర్కారు లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పొట్టన పెట్టుకుంది. అప్పటికీ ఇప్పటికీ తుపాను బలంలో తేడా ఉంది, నిజమే. కబురు అందడంలో ఉన్న తేడా మాత్రం అంతకంటే చాలా పెద్దది.

ఇవాళ గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పిడుగు పడబోతోందంటే మండలం పేరుతో సహా ఫోనుకు మెసేజీ వస్తుంది. చెట్ల కింద ఉండొద్దు, పశువుల కాపరులు జాగ్రత్త అని తేట తెలుగులో ఉంటుంది. 2023లో కేంద్రం సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని పరీక్షించినప్పుడు జేబుల్లోని ఫోన్లు ఒక్కసారిగా గీపెట్టడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పద్ధతికి నంబర్ల జాబితాతో పనిలేదు. టవరు పరిధిలో ఎవరున్నా, ఏ ఊరివాళ్లయినా కబురు అందుతుంది.

కాబట్టి హెచ్చరించడం మనకు చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నా పేచీ వేరు. ఈ జిల్లాల్లో మనుషుల ఆరోగ్యాన్ని తినే ఆపదలన్నిటినీ వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. గాలి, పిడుగు, ఎండ లాంటి, ఎవరినీ నిలదీసే పని లేని ఆపదలకు హెచ్చరిక ముందొస్తుంది. కుళాయి నీళ్లు, మందు డబ్బా, చెరువు లాంటి, ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సిన ఆపదలకు మాత్రం శవం లేచాక వస్తుంది.

గుంటూరు నగరం సంగతే తీసుకోండి. 2018 మార్చిలో ఆనందపేటలోనూ చుట్టుపక్కల పాత గుంటూరు వీధుల్లోనూ వాంతులు, విరేచనాలు అందుకున్నాయి. మురుగు కాల్వల్లోంచి పోతున్న మంచినీటి గొట్టాల్లోకి మురుగు దిగింది. పదిమందికి పైగా చనిపోయారు. రంగు మారిన నీళ్లను, వాసనను ముందు పసిగట్టేది బిందె పట్టే ఆడవాళ్లే. ఆ ఫిర్యాదు ఎక్కడో ఒక రిజిస్టరులో ఆగిపోతుంది. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. దాన్ని చూడటానికి ఓ చిన్న గాజు గొట్టం, రెండు చుక్కల ద్రావకం చాలు. పసుపు రంగు రాకపోతే ఆ వీధికి ఆ పూటే చెప్పొచ్చు. ఆ మాట చెప్పాలంటే, నీళ్లిచ్చే శాఖ తన నీళ్లు బాగాలేవని తానే ఒప్పుకోవాలి. చిక్కంతా అక్కడే ఉంది. 2024 ఫిబ్రవరిలో అదే నగరంలో మళ్లీ అతిసారం, మళ్లీ మరణాలు.

ఇది మన రోగమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా. చాలా కౌంటీలకు సొంత ప్రజారోగ్య విభాగం ఉంటుంది, ఏ వీధుల వాళ్లు నీళ్లు కాచుకోవాలో చెప్తూ అక్కడ నోటీసులు వెలువడుతుంటాయి. అంతటి ఏర్పాటున్నా మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరంలో ఏం జరిగింది? 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని నది నీళ్లకు మారారు. గొట్టాల్లోని సీసం నీళ్లలోకి దిగింది. జనం రంగు నీళ్ల సీసాలు పట్టుకుని మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ నీళ్లు తాగొద్దని, ఫ్లింట్ ఉన్న జెనెసీ కౌంటీ అధికారికంగా చెప్పింది 2015 అక్టోబరు 1న. అదీ, ఒక పిల్లల డాక్టరు రక్తపరీక్షల లెక్కలు విలేకరుల ముందు పెట్టిన వారానికి. మంచు తుపాను వస్తోందంటే అదే కౌంటీ అన్నాళ్లు ఆగి ఉండేదా?

సలహాలోని మాటల సంగతీ కొంచెం చూడాలి. నీటి విషయంలో మన అధికారుల దగ్గర ఒకే మందు ఉంది: కాచి చల్లార్చి తాగండి. ఆనందపేటకు ఇది సరైన సలహా. కనిగిరికి కాదు. నీళ్లు కాగితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై, మిగిలిన దాంట్లో అది ఇంకాస్త చిక్కబడుతుంది. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట గుర్తించిన నేలలు. అప్పుడవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1930లలో దుక్కిటెద్దుల కాళ్లు బిగుసుకుపోవడం రైతుల కళ్లబడింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి కలిసి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ వ్యాధి మీద వ్యాసం ప్రచురించారు. అంటే, ఎద్దులు చేసిన హెచ్చరికకు తొంభై ఏళ్లు కావస్తున్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదన్న హద్దు కాగితం మీద ఉంది. బోరు వేసేవాడికీ, ఆ నీళ్లతో అన్నం వండేవాళ్లకూ ఆ హద్దుతో ముఖపరిచయం లేదు. శ్రీశైలం నీళ్లను సొరంగాల్లో తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది, 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం కూడా ఇచ్చారు. ఆ రోజుకి వాటిలో నీళ్లు మాత్రం పారలేదు. ఈలోపు ఊరూరా వెలసిన ‘మినరల్ వాటర్’ ప్లాంట్లే గతి. వడపోత పొరలు సరిగ్గా ఉంటే అవి ఫ్లోరైడ్‌ను బాగానే తీసేస్తాయి. ఆ పొర ఎప్పుడు మార్చారో డబ్బా మీద ఎవరూ రాయరు. నలభై ఏళ్ల మనిషి మెడ తిప్పలేక ఒళ్లంతా తిరిగి వెనక్కి చూసే ఊళ్లలో ‘కాచి తాగండి’ అని పోస్టరు అంటించడమంటే, ఆ పోస్టరు రాసినవాళ్లు ఆ ఊరు చూడలేదని అర్థం.

ఎండ సంగతి వీటికి మధ్యరకం. 2015 మే నెలాఖరు వడగాడ్పుల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1300 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. ఆ తర్వాత చాలా మారింది. అహ్మదాబాద్ 2013లో మొదలుపెట్టిన ఎండల కార్యాచరణ ప్రణాళిక దేశానికి దారి చూపింది. మన విపత్తుల నిర్వహణ సంస్థ రేపు ఏ మండలంలో వడగాడ్పు, ఏ మండలంలో తీవ్ర వడగాడ్పు అన్నది పేర్లతో ప్రకటిస్తోంది. రెంటచింతల పేరు ఎండాకాలం వార్తల్లో ఉండటం మనకు మామూలే, ఇప్పుడు దాని పక్క మండలాల పేర్లూ వినబడుతున్నాయి. ఇది మెచ్చుకోవలసిన పని.

సలహా మాత్రం ‘పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దు’ దగ్గరే ఆగింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మిరప కళ్లం చూసినవాళ్లకు ఆ సలహా ఎంత దూరం పోతుందో తెలుసు. ఎకరాల కొద్దీ ఎర్రగా పరిచిన కాయల మధ్య, నీడ అన్నది లేకుండా, ముక్కుకు కొంగు కట్టుకుని ఆడవాళ్లు తాలు కాయలు ఏరుతుంటారు. కింద నేల కాలుతుంది, కాయ ఘాటుకు దగ్గు ఆగదు. కాయ ఎండాలంటే ఎండ కావాలి, ఎండగానే దాన్ని తిరగెయ్యాలి. ఆ పని ఇంట్లో కూర్చుని చేసేది కాదు. మంచి సలహా అయితే రావద్దు అని ఊరుకోకుండా, గంటకోసారి పందిరి కిందికి పిలిచి నీళ్లివ్వమని కళ్లం ఆసామికి చెప్పాలి. పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బే. అప్పుడు చన్నీళ్లు కుమ్మరించి, చంకల్లో, మెడకు తడిగుడ్డలు పెట్టి, 108కు ఫోను చెయ్యాలి. తెలివి తప్పిన మనిషి నోట్లో నీళ్లు పొయ్యకూడదు. ఈ చివరి ముక్క తెలియక ఆదుర్దాలో గ్లాసు నోటికి పెట్టేవాళ్లే ఎక్కువ.

ఇక మందు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మందు అంటే రెండర్థాలున్నాయి గాని, పొలం గట్టున ఒకటే. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని ఊడ్చేసినప్పుడు, కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టి అప్పుల్లో కూరుకుపోయిన రైతుల ఆత్మహత్యలు దేశాన్ని ఈ జిల్లాల వైపు చూసేలా చేశాయి. పత్తి చేలో పురుగు చావలేదు, రైతు చచ్చాడు. 2021-22లో అదే కథ మిరపలో. బయటి నుంచి వచ్చిన నల్లతామర పురుగు పూతలో దూరి కాపు నిలవనివ్వలేదు. వారానికి రెండుసార్లు పంపు ఎత్తిన రైతులున్నారు. షాపులో ఏది ఇస్తే అది, రెండు మూడు రకాలు ఒకే డ్రమ్ములో కలిపి మరీ కొట్టారు.

ఆ డబ్బాను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. లేబులు మూలన వజ్రం ఆకారంలో చిన్న గుర్తు ఉంటుంది, కింది సగం ఒక రంగులో. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారం ఎరుపంటే అతి తీవ్ర విషం, పసుపు తీవ్ర విషం, నీలం ఒక మోస్తరు, పచ్చ తక్కువ. పుర్రె బొమ్మ ఎరుపుకే ఉంటుంది. ట్రాఫిక్ సిగ్నల్ అలవాటున్న కంటికి పచ్చ అంటే ‘ఏం ఫరవాలేదు’ అనిపిస్తుంది, అది తప్పు. ఎరుపును చూసి ‘ఘాటైన సరుకు, బాగా పనిచేస్తుంది’ అనుకునేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా పెద్ద తప్పు. అట్టపెట్టెలో పది పన్నెండు మడతలు పెట్టిన కాగితం ఒకటుంటుంది. చీమ తలకాయంత అక్షరాల్లో అన్ని భాషలూ దాంట్లోనే. విరుగుడు ఏమిటో కూడా అందులోనే ఉంటుంది. డబ్బా మూత తీసిన మరుక్షణం ఆ కాగితం గట్టు మీద పడుతుంది. చట్టం దృష్టిలో హెచ్చరిక అందినట్టే లెక్క.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా రైతులు, కూలీలు చనిపోయారు. వాళ్లు మందు తాగలేదు, కొట్టారంతే. ఏపుగా పెరిగిన పత్తి, తలపైకి ఎగిరే జల్లు, తడిసిన చొక్కా. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు నోట్లోంచే పోనక్కర్లేదు, చర్మం గుండా కూడా ఇంకుతాయి. కారే పంపు వీపును తడిపితే చాలు. మన పత్తికీ అంతే ఎత్తు, మన పంపులూ అలాగే కారతాయి. యవత్మాల్ తర్వాతైనా మన జిల్లాల్లో మందు కొట్టే సీజనుకు తుపాను స్థాయిలో ఒక హెచ్చరిక ఏర్పాటు పుట్టి ఉండాల్సింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపింది, మోనోక్రోటోఫాస్‌కు కేంద్రం 2023లో ముగింపు పలికింది. నిషేధాలు మంచివే. అయితే నిషేధం దుకాణదారుకు అందే కబురు. గాలి వాటు చూసుకోవాలని, తడిసిన బట్టలు వెంటనే విప్పి సబ్బుతో కడుక్కోవాలని, ఆ చేతులతో బీడీ ముట్టకూడదని కూలికి చెప్పే గొంతు వేరే ఉండాలి.

ఆ కూలి ఈ ఊరివాడే కానక్కర్లేదు కూడా. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి పత్తి తీతకు, మిరప కోతకు కుటుంబాలతో సహా దిగుతారు. వాళ్ల మాటలో అది సుగ్గి. చేల పక్కనే గుడారాలు, మందు కలిపిన డ్రమ్ము పక్కనే తాగే నీళ్ల బిందె. ఈ ఊరి ఆశా కార్యకర్త జాబితాలో వాళ్ల పేర్లుండవు, వాళ్ల ఊరి ఆశా ఇక్కడికి రాదు. నిన్న సాయంత్రం మందు కొట్టిన చేలోకి ఇవాళ పొద్దున కోతకు దిగుతున్నామని వాళ్లకు చెప్పేదెవరు? కాలిఫోర్నియాలో ప్రమాదకరమైన కొన్ని మందులు కొడితే చేను చుట్టూ పుర్రె బొమ్మతో ఇంగ్లీషులో, స్పానిష్‌లో బోర్డులు పెట్టాలి. కూలీల్లో ఎక్కువమంది మెక్సికో వైపు వాళ్లని గుర్తెరిగి పెట్టిన రెండో భాష అది. 2025 మార్చిలో అక్కడి ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. అదుపులో వాడాల్సిన మందులు ఎక్కడ కొట్టబోతున్నారో ముందుగానే ఫోనుకు తెలియజేసే ఏర్పాటు రాష్ట్రమంతా తెచ్చింది. దాన్ని పెద్ద రైతులు ఏళ్ల తరబడి అడ్డుకున్నారు. మనకు అంత హంగు అక్కర్లేదు. గట్టు మీద కర్రకు ఎర్రగుడ్డ కట్టి, అది ఉన్నన్నాళ్లు చేలో దిగొద్దన్న కట్టుబాటును గ్రామసభలో పెట్టుకుంటే చాలు.

చొంగ కారడం, కంటిపాప సూదిమొనంత కావడం, చెమటలు, కండరాలు అదరడం కనిపిస్తే అది మందు పట్టిందనడానికి గుర్తు. ఆస్పత్రికి మనిషితోపాటు డబ్బాను కూడా తీసుకుపోవాలి. ఆర్గానోఫాస్ఫేట్‌కు అట్రోపిన్ ఉంది. కలుపు మందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. ఏది పడిందో తెలియకుండా డాక్టరు చీకట్లో వెతుక్కోవాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే అలవాటు ఇంకా పోలేదు. కక్కిన మందు ఊపిరితిత్తుల్లోకి పోతే మొదటి ప్రమాదానికి రెండోది తోడవుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117 మీద ఎప్పుడైనా పలుకుతుంది. ఆ నంబరును నేను ఏ మందుల షాపు గోడ మీదా చూడలేదు.

తురకపాలెం దగ్గరికి వద్దాం. గుంటూరు రూరల్ మండలంలోని ఈ ఊళ్లో 2025 వేసవి దాటాక జ్వరాలతో మనుషులు ఒకరి తర్వాత ఒకరు పోయారు. సెప్టెంబరు మొదటి వారంలో ముఖ్యమంత్రి అత్యవసర పరిస్థితిగా పరిగణించమని ఆదేశించేసరికి రెండు మూడు నెలల్లో ఇరవైకి పైగా మరణాలని పత్రికలు రాశాయి. అప్పుడు వైద్య బృందాలు దిగాయి, ఇంటింటికీ రక్తపరీక్షలు జరిగాయి, ఊరి నీళ్లు తాగొద్దు, వాటితో వండొద్దు అన్నారు, భోజనం బయటినుంచి వచ్చింది. అనుమానం మెలియోయిడోసిస్ మీదికి పోయింది. నీటిలో యురేనియం జాడలున్నాయన్న వార్త తర్వాత మరో గుబులు రేపింది.

మెలియోయిడోసిస్ కొత్త రోగం కాదు. 1912లో రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. మట్టిలో, బురదనీళ్లలో ఉండే సూక్ష్మజీవి కాలి పగుళ్లలోంచి, గాయాల్లోంచి వానల కాలంలో ఎక్కుతుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు, తాగుడు అలవాటున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో వానలు మొదలయ్యాయంటే చాలు, చెప్పులు వేసుకోండి, మట్టిపనికి తొడుగులు వాడండి అని అక్కడి ఆరోగ్యశాఖ ఏటా చెప్తుంది. ఒక్క కేసు రాకముందే చెప్తుంది.

ఇక్కడ ఆ మాట ముందే చెప్పగలిగి ఉండేవాళ్లమా? రోగం పేరు తెలియక్కర్లేదు, లెక్క తెలిస్తే చాలు. మన దేశంలో ఏటా వెయ్యిమందికి ఆరేడుగురు చనిపోతారు. మూడువేల జనాభా ఉన్న ఊళ్లో ఏడాదికి ఇరవై మరణాలు మామూలు, అంటే నెలకు రెండుకు లోపే. ఆ ఇరవై మరణాలూ రెండు మూడు నెలల్లోనే వస్తే అది గంట కొట్టవలసిన విషయం. 2004లో మొదలైన వ్యాధుల నిఘా కార్యక్రమం జ్వరాలను, విరేచనాలను వారం వారం లెక్కగడుతుంది, ఇప్పుడది ఆన్‌లైన్‌లో నడుస్తోంది. మరణం నమోదయ్యేది ఇంకో పుస్తకంలో. ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చెయ్యాలన్న గడువుతో, పంచాయతీ కార్యదర్శి దగ్గర. ఈ రెండు పుస్తకాలు ఒకదాన్నొకటి పలకరించుకోవు. కార్యదర్శికి అది సర్టిఫికెట్ల పని, ఏఎన్ఎమ్‌కు అది తన శాఖ కాని పని. ఒకే నెలలో నాలుగో పేరు రాస్తున్నప్పుడు మండల వైద్యాధికారికి ఫోను చెయ్యాలన్న ఒక్క నిబంధన ఉంటే, తురకపాలెం సంగతి రోగం పేరుతో పనిలేకుండానే వారాల ముందు బయటపడేది.

నరసరావుపేటలో రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతో 2025 మార్చి 16న చనిపోయినప్పుడు కూడా, పుణే ప్రయోగశాల నిర్ధారణ వెలుగులోకి వచ్చేసరికి రెండు వారాలు గడిచాయి. కోడికూర కోస్తూ పచ్చి ముక్క చిన్నపిల్లల చేతికిచ్చే అలవాటు గురించి అప్పుడే అందరూ మాట్లాడారు. అదే ఏడాది చివర పల్నాడులో స్క్రబ్ టైఫస్ మరణాల వార్తలు. గడ్డిలో ఉండే నల్లి లాంటి పురుగు కుట్టిన చోట నల్లటి చెక్కు కడుతుంది. దాన్ని చూసి గుర్తుపడితే డాక్సీసైక్లిన్ అనే చవక బిళ్లతో తగ్గిపోయే జ్వరం అది. 2025 ఫిబ్రవరిలో గులియన్ బారీ అనే నరాల జబ్బుతో గుంటూరు పెద్దాసుపత్రిలో ప్రకాశం జిల్లా మహిళ చనిపోయినప్పుడు మాత్రం రోగం కంటే వాట్సాప్ ముందు పరిగెత్తింది. అది ఒకరినుంచి ఒకరికి అంటే జబ్బు కాదన్న ముక్క వెనకబడింది.

ఇంకొక్కటి. ఎక్కడైనా హెచ్చరికకు మొదలున్నట్టే చివర కూడా ఉండాలి. అమెరికా కౌంటీల్లో నీళ్లు కాచుకోమన్న నోటీసు ఇస్తే, వరసగా తీసిన నమూనాలు శుభ్రంగా వచ్చాక ఫలానా తేదీ నుంచి మామూలుగా వాడుకోవచ్చని మళ్లీ నోటీసు ఇస్తారు. కుళాయి కొంతసేపు వదిలేసి అప్పుడు పట్టుకోమనీ చెప్తారు. తుపాను విషయంలో మన వాతావరణ శాఖ కూడా అంతే, ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరెయ్యడం, చివర్న దించెయ్యడం రెండూ ప్రకటిస్తుంది. నీళ్ల విషయంలో మన మునిసిపాలిటీల, పంచాయతీల ఆనవాయితీ ఇంకోటి. ట్యాంకరు రావడం మానేసిందంటే ముప్పు తప్పిందని జనమే అర్థం చేసుకోవాలి.